రష్యన్‌లో ‘జ’ పలకడం కుదరట్లేదా? సమస్య - పరిష్కారం

‘జీవితం’ అనే అర్థమున్న రష్యన్ మాటను తెలుగులో రాసుకుంటే ‘జీజ్న్’ అవుతుంది. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. అందులోని రెండు ‘జ’లూ వేర్వేరు ధ్వనులు, రెండూ మన జ కావు.

కారణం: మన శ, ష, స ఊష్మాలు. గాలి ఒరుసుకుంటూ పోతుంది, గొంతు మోగదు. గొంతు మోగే జంట వాటికి తెలుగులో లేదు కాబట్టి ఆ ఖాళీలోకి జ దూరుతుంది. కానీ ‘జీవితం’లో జ అయినా, ‘జడ’లో జ అయినా నాలుక ఒక్క క్షణం గాలిని పూర్తిగా ఆపి వదులుతుంది. ఊష్మంలో ఆ ఆపడం ఉండకూడదు.

పరిష్కారం: గొంతు మీద వేళ్లు పెట్టి ‘స్‌స్‌స్’ అనండి. నాలుక కదపకుండా, గాలి ఆపకుండా గొంతు మోగించండి. వేళ్లకు అదురు తెలిస్తే అదే ‘జీజ్న్’లోని రెండో ధ్వని. ‘ష్‌ష్‌ష్’తో ఇలాగే చేస్తే మొదటిది వస్తుంది. ఊపిరి ఉన్నంతసేపు సాగాలి. అచ్చు మాత్రమే సాగుతోందంటే మళ్లీ జ పలికారన్నమాటే. మొదటి ధ్వని రష్యన్‌లో ఎప్పుడూ కఠినమే, అంటే నాలుక నడిమి భాగం అంగిలి వైపు లేవకూడదు. దాని తర్వాత ‘ఇ’ రాసి ఉన్నా నాలుకను కాస్త వెనక్కి లాగి పలకాలి.

‘షూబా’ (బొచ్చు కోటు), ‘శ్శీ’ (క్యాబేజీ సూప్) ఒకేలా వినిపిస్తున్నాయా? రోజువారీ మాటల్లో మనలో చాలామందికి ష, శ తేడా చెరిగిపోయింది. ష కి నాలుక కొన పైకి లేవాలి. శ కి కొన కింది పళ్ల వెనకే ఉండి, నడిమి భాగం అంగిలి వైపు లేవాలి, పైగా రష్యన్‌లో దాన్ని సాగదీయాలి. ఈ రెండూ విడిగా పలికేవారికి పోలిష్ కూడా సగం సులువవుతుంది. అక్కడా స, శ, ష మూడూ వేరు.

‘ఖరషో’ (బాగుంది) అన్నప్పుడు ‘ఖ’ పేలితే, క కి పెట్టినట్టే నాలుక పెట్టి అంగిలికి తాకించకుండా గాలి వదలండి.

ధ్వనులన్నీ కుదిరాక కూడా మాట చివర తేడాగా ఉంటే అది సూత్రం సమస్య. పదాంతంలో గొంతు మోగడం ఆగిపోతుంది: కత్తిని ‘నోజ్’ అని రాస్తారు, ‘నోష్’ అంటారు. విభక్తి చేరి ‘నజా’ అయితే మోత తిరిగొస్తుంది. ప్రామాణిక ఉక్రేనియన్‌లో ఈ మార్పు లేదు, అక్కడికి మోసుకెళ్లకండి. రష్యన్‌లో దీనికి ఎదురు మార్పూ ఉంది. ‘స్దేలత్’ (చేయడం)లో ద వల్ల స కూడా మోగుతుంది. సరళాదేశ సంధి చదివినవారికి ఇది వింతేమీ కాదు. అయితే వ కి ఆ బలం లేదు: ‘స్వేత్’ (వెలుగు)లో స అలాగే ఉంటుంది.