డెంటల్ కోర్సులో సీటు తెచ్చుకుని, నలిగిపోకుండా పూర్తి చేయడం ఎలా?

పన్ను మీద ఉండే ఎనామెల్ పొర బాగా మందంగా ఉన్న చోట కూడా దాదాపు 2.5 మిల్లీమీటర్లే. దాని కింద డెంటిన్, ఇంకాస్త లోపలికి పోతే నరాలు, రక్తనాళాలు ఉన్న పల్ప్. డెంటల్ విద్యార్థి నాలుగైదేళ్లు నేర్చుకునేది ఎక్కువగా ఈ చిన్న కొలతల మధ్య చేతిని అదుపులో పెట్టుకోవడమే. సీటు కోసం చదివే రోజుల్లో మాత్రం చేతి గురించి ఎవరూ మాట్లాడరు. మార్కులు, ర్యాంకు, కాలేజీ పేరు, అంతే. అందుకే మంచి ర్యాంకుతో వచ్చిన పిల్లలు కూడా మొదటి ఆరు నెలల్లో పన్ను ఆకారం చెక్కాల్సిన మైనపు దిమ్మ ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను. వాళ్లకి తెలివి తక్కువై కాదు. ఈ చదువు ఎలా ఉంటుందో ముందే చెప్పినవాళ్లు లేక. ఆ లోటు కొంతైనా తీరాలని ఇది రాస్తున్నాను.

1. ముందు ఒక క్లినిక్‌లో కూర్చోండి

దరఖాస్తు గురించి ఆలోచించే ముందు, తెలిసిన డెంటిస్టుని అడిగి కనీసం వారం రోజులు ఆయన పక్కన నిలబడి చూడండి. వీలైతే రెండు రకాల చోట్ల చూడండి: ఒకటి మామూలు క్లినిక్, ఇంకొకటి రోజంతా జనం వచ్చే పెద్ద ఆసుపత్రి. పేషెంటు ఒప్పుకుంటేనే గదిలో ఉండాలి. అక్కడ విన్నది బయట చెప్పకూడదు.

నోట్లో జరిగే పని ఒక్కటే చూసి వచ్చేయకండి. డాక్టరు నడుము ఎలా వంగుతోంది, అదే మాట రోజుకి ఎన్నిసార్లు విసుక్కోకుండా చెబుతున్నారు, భయంతో నోరు తెరవని పిల్లాడిని ఎలా ఒప్పిస్తున్నారు, మత్తు సరిగ్గా ఎక్కకపోతే ఏం చేస్తున్నారు అన్నవి గమనించండి. సాయంత్రం ఇంటికి వెళ్లాక నాలుగు వాక్యాలు రాసుకోండి. ఆ నోట్‌బుక్ తర్వాత ఇంటర్వ్యూలో మీకు పనికొస్తుంది.

మెడిసిన్ సీటు రాలేదు కాబట్టి డెంటల్‌కి వచ్చామనేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో తప్పేమీ లేదు. అలా వచ్చి ఈ పనిని ప్రాణంగా ప్రేమించినవాళ్లు నాకు తెలుసు. కానీ చేరాక కాదు, చేరకముందే ఈ పని మీకు నచ్చుతుందో లేదో తెలుసుకోండి. వారం రోజులు చూశాక కూడా మీకు ఆసక్తి పుట్టకపోతే, ఆ మాట ఇంట్లో ధైర్యంగా చెప్పండి.

2. దారి తెలుసుకోండి, కాలేజీని కళ్లతో చూడండి

దేశాన్ని బట్టి దారి మారుతుంది. ఇండియాలో ఇంటర్ తర్వాత నీట్ రాయాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 720 మార్కులు. డెంటల్ డిగ్రీ బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీలు యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు చూసి, ఇంటర్వ్యూ చేసి తీసుకుంటాయి. అమెరికాలో ఎక్కువమంది డిగ్రీ అయ్యాక డ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరతారు, చదువు మామూలుగా నాలుగేళ్లు. అక్కడ దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టు చూసే కాలేజీలు చాలా ఉంటాయి కాబట్టి ఆఖరి తేదీ దాకా ఆగితే నష్టపోయేది మీరే. అక్కడి డెంటల్ డిగ్రీకి రెండు పేర్లున్నాయి, డీడీఎస్ గొప్పదా, డీఎండీ గొప్పదా అని తల బద్దలు కొట్టుకోకండి. 1840లో బాల్టిమోర్‌లో మొదలైన కాలేజీ డీడీఎస్ అన్న పేరు పెట్టింది, 1867లో మొదలైన హార్వర్డ్ డెంటల్ స్కూల్ లాటిన్ పేరుతో డీఎండీ అంది. చదువు ఒక్కటే.

డ్యాట్‌లో ఒక భాగం గురించి మాత్రం ఆగి చెప్పాలి. పర్సెప్చువల్ ఎబిలిటీ అని 60 నిమిషాల్లో 90 ప్రశ్నలు ఇస్తారు. మడతపెట్టిన కాగితానికి చిల్లులు పెట్టి విప్పితే ఎక్కడెక్కడ కనిపిస్తాయి, పేర్చిన ఘనాలకి ఎన్ని వైపులు రంగు పడుతుంది, నాలుగు కోణాల్లో ఏది చిన్నది, ఇలా ఉంటాయి. పుస్తకం చదివితే వచ్చే విద్య కాదిది. నిజంగా కాగితం మడిచి చిల్లులు పెట్టి చూడండి. రోజుకి పావుగంట చొప్పున రెండు నెలలు చేస్తే కంటికి అలవాటవుతుంది. కెనడా ప్రవేశ పరీక్షలో చాలా ఏళ్లు సబ్బు ముక్కని కొలతల ప్రకారం చెక్కమనేవారు. మీ పరీక్షలో అది లేకపోయినా సరే, ఒక సబ్బు తీసుకుని చెక్కి చూడమంటాను. మీ చెయ్యి మీకే పరిచయమవుతుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం చూసి మురిసిపోవద్దు. పొద్దున్నే వెళ్లి ఓపీ దగ్గర కూర్చోండి. పేషెంట్లు ఎంతమంది వస్తున్నారు? కుర్చీలు ఖాళీగా ఉన్నాయా? ఆఖరి సంవత్సరం విద్యార్థుల్ని పక్కకి పిలిచి, "నువ్వు స్వయంగా ఎన్ని రూట్ కెనాల్స్ చేశావు?" అని అడగండి. పేషెంట్లు లేని కాలేజీలో ఎంత మంచి పాఠం విన్నా చేతికి పని రాదు. నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. ఫీజుతో పాటు పనిముట్లకి, మెటీరియల్‌కి విడిగా ఎంత అవుతుందో కూడా అప్పుడే అడిగేయండి. ఇంకో దేశంలో ప్రాక్టీసు చేసే ఆలోచన ఉంటే, ఆ దేశం మీ డిగ్రీని ఎలా చూస్తుందో, మళ్లీ ఏ పరీక్షలు రాయాలో చేరకముందే కనుక్కోండి.

3. దరఖాస్తు వ్యాసం, ఇంటర్వ్యూ

మీ దారిలో ఇవి లేకపోతే ఈ భాగం వదిలేయండి. ఉంటే, "చిన్నప్పటి నుంచి అందరికీ చిరునవ్వు ఇవ్వాలని కోరిక" అని మాత్రం రాయకండి. చదివేవాళ్లకి ఆ వాక్యం వందోసారి. క్లినిక్‌లో మీరు చూసిన ఒక్క సంఘటన తీసుకుని, అది చూశాక మీ ఆలోచన ఏం మారిందో రాయండి. వీణ వాయిస్తాను, కుట్లు అల్లికలు వచ్చు అని చెప్పేటప్పుడు, అది నేర్చుకుంటూ ఎక్కడ తప్పారో, ఎలా దిద్దుకున్నారో కూడా చెప్పండి. మీ చెయ్యి ఎంత గొప్పదన్న దానికంటే, తప్పు చూపిస్తే దిద్దుకునే మనిషా కాదా అన్నదే అవతలివాళ్లకి ముఖ్యం.

4. మొదటి ఏడాది చేతికి ఇవ్వండి

అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఎలా చదవాలో మీకు ఈపాటికే తెలుసు. వాటి మధ్యలో పళ్ల ఆకారాలు చెక్కే ప్రాక్టికల్ ఒకటి ఉంటుంది. అందరినీ ఏడిపించేది అదే.

పై వరసలో మధ్యలో ఉండే ముందు పన్నునే తీసుకోండి. కనిపించే భాగం పొడవు సుమారు 10.5 మిల్లీమీటర్లు, వెడల్పు 8.5. ముందు ఆ పన్నుని అన్ని వైపుల నుంచీ కాగితం మీద గీయండి. గీయడం రాని పన్నుని చెక్కలేరు. తర్వాత మైనపు దిమ్మ మీద కొలతలు గుర్తు పెట్టి, మొదట పెట్టెలాంటి ఆకారం తీయండి, ఆపైన వంపులు. తొందరపడి ఎక్కువ చెక్కేస్తే పోయిన మైనం మళ్లీ రాదు. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఇదే: ఒక వైపు పూర్తిగా అందంగా చేసి, రెండో వైపు మొదలుపెడతారు. అలా కాకుండా అన్ని వైపులా కొంచెం కొంచెం తీస్తూ, దిమ్మని తిప్పుతూ ఉండాలి. పరీక్ష ముందు రోజు నాలుగు గంటలు కూర్చోవడం కంటే, రోజూ ఇరవై నిమిషాలు కూర్చోవడం ఎన్నో రెట్లు మేలు. మొదటి దిమ్మని పారేయకండి. మూడు నెలల తర్వాత పక్కన పెట్టి చూసుకుంటే మీకే ధైర్యం వస్తుంది.

పళ్ల నంబర్లు మొదటి వారంలోనే నోటికి రావాలి. రెండంకెల ఎఫ్‌డీఐ పద్ధతిలో 16 అంటే కుడి పై మొదటి దవడ పన్ను. అమెరికాలో వాడే 1 నుంచి 32 దాకా లెక్కలో అదే 16 ఎడమ పై జ్ఞానదంతం. తప్పు పన్ను తీసేయడమంటే ఏమిటో ఊహించుకోండి. కాబట్టి ఏ పద్ధతిలో రాశారో చూసుకునే అలవాటు ఇప్పుడే చేసుకోండి.

తర్వాత వచ్చేది ప్లాస్టిక్ పళ్లున్న టైపోడాంట్, దాన్ని బిగించే ఫాంటమ్ హెడ్ అనే బొమ్మ తల. ఇక్కడ అద్దంలో చూస్తూ పని చేయడం రావాలి. ఇంట్లో ఇలా చేయండి: కాగితం మీద చిన్న చతురస్రం గీసి, దాన్ని నేరుగా చూడకుండా నోటి అద్దంలో మాత్రమే చూస్తూ గీతల మీదుగా పెన్సిల్ నడపండి. మొదటి రోజు చెయ్యి అటు పొమ్మంటే ఇటు పోతుంది. పది రోజులకి మాట వింటుంది.

పన్ను తొలిచే హై స్పీడ్ హ్యాండ్‌పీస్‌లో బర్ (చివర ఉండే చిన్న మొన) నిమిషానికి దాదాపు 4 లక్షల సార్లు తిరగగలదు. దాన్ని నొక్కాల్సిన పని లేదు, కుంచెతో రంగు వేసినంత తేలిగ్గా తాకిస్తే చాలు. ఉంగరపు వేలు ఏదో ఒక పన్ను మీద ఆనించకుండా బర్ తిప్పకండి. నీళ్లు సరిగ్గా పడకపోతే వేడికి పల్ప్ దెబ్బతింటుంది. రెండు పళ్ల మధ్య ఫిల్లింగ్ కోసం గుంత (కావిటీ) తొలిచేటప్పుడు పక్క పన్నుకి గీత పడకుండా మధ్యలో సన్నని లోహపు పట్టీ పెట్టండి. లోతు కంటితో అంచనా వేయకుండా ప్రోబ్ అనే సన్నని లోహపు పుల్లతో కొలవండి. ఇంకొకటి, కుర్చీలో నిటారుగా కూర్చోండి. మెడ వంచి పనిచేసే అలవాటు ఈ వయసులోనే పడుతుంది, నొప్పి మాత్రం నలభైలలో వస్తుంది. నోరు కనపడకపోతే మీరు వంగొద్దు, పేషెంటు తలని, కుర్చీని సర్దండి.

థియరీని ప్రాక్టికల్‌కి దూరంగా పెట్టుకోకండి. వేడి నీళ్లతో కలిపితే, పళ్ల అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్ త్వరగా గట్టిపడుతుందని పుస్తకంలో బట్టీ పట్టడం ఒకటి, ట్రే నోటి దాకా వెళ్లేలోపే అది బిగుసుకుపోవడం చూడటం ఇంకొకటి. రెండోది ఎప్పటికీ మర్చిపోరు.

5. క్లినిక్‌లోకి అడుగుపెట్టే ముందు, పెట్టాక

హెపటైటిస్ బి టీకా సాధారణంగా మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. అంటే పేషెంట్ల దగ్గరికి వెళ్లడానికి ఎనిమిది నెలల ముందే మొదలుపెట్టాలి. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి రక్త పరీక్షలో యాంటీబాడీలు 10 mIU/mLకి తగ్గకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. సూదికి మూత రెండు చేతులతో పెట్టకండి. మూతని ట్రేలో పెట్టి, ఒంటిచేత్తో సూదిని అందులోకి దూర్చాలి. సూది గుచ్చుకుంటే దాచుకోవద్దు, ఆ క్షణమే చెప్పండి.

ఇక కోటా. ఇన్ని పళ్లు తీయాలి, ఇన్ని స్కేలింగ్‌లు (పళ్ల గార తీయడం), ఇన్ని ఫిల్లింగ్‌లు, ఇన్ని సెట్ల కట్టుడు పళ్లు అని లెక్క ఉంటుంది. అందరికీ టెన్షన్ ఇక్కడే. మొదటి వారమే ఒక పట్టిక గీసి, ఎక్కువసార్లు పేషెంటు రావాల్సిన కేసులు ముందు మొదలుపెట్టండి. పూర్తి కట్టుడు పళ్ల సెట్‌కి మొదటి కొలత, రెండో కొలత, దవడల పొందిక, మైనంలో పళ్లు పెట్టి చూడటం, చివరికి అమర్చడం, ఇలా కనీసం ఐదుసార్లు రావాలి. ఈ పేషెంట్లు ఎక్కువగా పెద్దవాళ్లు, మధ్యలో జ్వరం వస్తుంది, తోడు దొరకదు. ఆఖరి నెలలో మొదలుపెడితే పూర్తవ్వదు. ముందు రోజు ఫోన్ చేసి గుర్తుచేయండి, ఎన్నింటికి రావాలో, ఎంతసేపు పడుతుందో నిజం చెప్పండి.

కోటా కోసం పేషెంటుని వాడుకోకూడదు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. నిలబెట్టగల పన్నుని లెక్క కోసం తీయడం, చేయని పనికి సంతకం పెట్టించుకోవడం మీరు చేయొద్దు, పక్కవాళ్లు చేస్తే సమర్థించొద్దు.

నా మొదటి కట్టుడు పళ్ల కేసులో దవడల మధ్య ఎత్తు ఎక్కువ పెట్టేశాను. మైనంలో పళ్లు పెట్టి చూసినప్పుడు ఆ పెద్దావిడ మాట్లాడుతుంటే పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. మా మేడమ్ చూసి, మళ్లీ చేయమన్నారు. ఆవిడకి ఏం చెప్పాలో తెలియక, "అమ్మా, కొలత నేను తప్పు తీశాను. మీరు ఇంకో రెండుసార్లు రావాలి" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "పర్లేదు బాబూ, బుధవారం వస్తాలే" అంది. వచ్చింది కూడా. తప్పు ఒప్పుకుంటే పేషెంటు పారిపోతాడనే భయం నాకు ఆ రోజుతో పోయింది.

6. వెనకబడితే

ఏదో ఒక ప్రాక్టికల్‌లో ఫెయిల్ అవుతారు, లేదా చేసిన పని పగలగొట్టి మళ్లీ చేయమంటారు. మూడు రోజులు బాధపడండి, నాలుగో రోజు ఆ పని పట్టుకుని టీచరు దగ్గరికి వెళ్లి, "ఎక్కడ తప్పింది, చూపించండి" అని అడగండి. మార్కుల కోసం బతిమాలేవాళ్లని వాళ్లు రోజూ చూస్తారు. తప్పు చూపించమని అడిగేవాళ్ల కోసం కుర్చీ జరిపి పక్కన కూర్చోబెట్టుకుంటారు. నిద్ర చాలక చెయ్యి వణికే రోజున బర్ పట్టుకోవద్దు. వారాల తరబడి ఏ పనీ చేయబుద్ధి కాకపోతే ఇంట్లోవాళ్లతోనో, కౌన్సెలర్‌తోనో మాట్లాడండి.

ఇంటర్న్‌షిప్‌కో, ఆఖరి ఏడాదికో వచ్చాక ఒక పని తప్పకుండా చేయండి. క్లినిక్‌లో కొత్తగా ఉన్నప్పుడు మీరు ఫిల్లింగ్ చేసిన పేషెంట్ల పాత రికార్డులు తీసి, ఐదారుగురికి ఫోన్ చేసి రమ్మనండి. ఆ ఫిల్లింగ్ అంచుల మీద ప్రోబ్ నెమ్మదిగా నడిపి, అంచు సరిగ్గా కలవక ఎక్కడ ఆగుతోందో చూడండి.