డాక్టర్ గారి ‘సరే’ని సీఆర్ఎంలో ఎక్కడ రాయాలి?

ఫార్మా కంపెనీలు డాక్టర్ల వివరాలు ఉంచుకునే సాఫ్ట్‌వేర్ సీఆర్ఎం. అందులో డాక్టర్ రికార్డులో ‘ఈమెయిల్ ఆప్ట్ అవుట్’ (ఈమెయిల్స్ వద్దు) అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది. చాలా ఫార్మా కంపెనీల్లో కన్సెంట్, అంటే మెసేజ్‌లు పంపడానికి డాక్టర్ ఇచ్చే సమ్మతి, వ్యవహారం అక్కడితో సరి. ఎవరు అడిగారు, ఎప్పుడు, దేనికోసం, ఏం చదివి ఒప్పుకున్నారు అంటే ఆ టిక్ ఏమీ చెప్పదు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, వివాదం వస్తే సమ్మతి ఉందని నిరూపించుకోవాల్సింది కంపెనీయే. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, సమ్మతి నిబంధనలకు 18 నెలల గడువు ఇచ్చారు. నేను పనిచేసేది సేల్స్‌ఫోర్స్ అనే సీఆర్ఎం మీద కాబట్టి అందులోని పేర్లతోనే చెబుతాను.

సెటప్‌లో ‘డేటా ప్రొటెక్షన్ అండ్ ప్రైవసీ’ ఆన్ చేస్తే, ఒక మనిషి డేటా విషయంలో ఇష్టాయిష్టాలు ఉంచే ‘ఇండివిడ్యువల్’ రికార్డులు వాడుకోవచ్చు. ఒక డాక్టర్‌కి ఒక్కటే ఇండివిడ్యువల్ ఉండాలి. ఇదే అసలు కష్టం. పొద్దున ప్రభుత్వ ఆసుపత్రిలో, సాయంత్రం సొంత క్లినిక్‌లో కూర్చునే డాక్టర్ ఇద్దరు రెప్‌ల (మెడికల్ రిప్రజెంటేటివ్‌ల) లిస్టులో రెండు అకౌంట్లుగా ఉంటారు. ఒకచోట వద్దన్నా రెండో అకౌంట్ నుంచి మెసేజ్‌లు పోతూనే ఉంటాయి. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరుతో, ఏ రాష్ట్ర కౌన్సిలో కూడా చూసి, డూప్లికేట్లు కలపండి. కలిపేటప్పుడు ఒకచోట అవును, ఇంకోచోట వద్దు అని ఉంటే ‘వద్దు’నే ఉంచండి. కావాలంటే మళ్లీ అడగొచ్చు.

తర్వాత ‘డేటా యూజ్ పర్పస్’లో ఉద్దేశాలు రాయండి. మందుల సమాచారం వేరు, సీఎంఈ (డాక్టర్ల నిరంతర వైద్య విద్య) ఆహ్వానాలు వేరు, బ్యాచ్ రీకాల్ (లోపమున్న మందుల బ్యాచ్‌ని వెనక్కి తెప్పించడం) లాంటి భద్రతా హెచ్చరికలు వేరు. ప్రమోషన్ వద్దన్న డాక్టర్‌కి రీకాల్ సమాచారం ఆగిపోకూడదు. అన్నిటికీ కలిపి ఒకే ‘మార్కెటింగ్’ పెట్టేస్తే మాత్రం అదే జరుగుతుంది.

సమ్మతిని ఫలానా నంబరుకో, ఈమెయిల్‌కో కట్టే ‘కాంటాక్ట్ పాయింట్ కన్సెంట్’లో పెట్టండి. మన దగ్గర క్లినిక్ నంబరు సాధారణంగా కాంపౌండర్ చేతిలో ఉంటుంది. ఓటీపీ అతనికి వస్తుంది, అతనే చెప్పేస్తాడు, సిస్టమ్‌లో డాక్టర్ గారు ఒప్పుకున్నట్టు పడుతుంది. అది డాక్టర్ సమ్మతి కాదు. క్లినిక్ నంబరు అపాయింట్‌మెంట్లకే ఉంచి, డాక్టర్ సొంత నంబరుకి లింక్ పంపండి. వాట్సాప్‌కీ ఎస్ఎంఎస్‌కీ విడివిడిగా అడగండి. ఎస్ఎంఎస్‌కి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తప్పనిసరి చేసిన డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో హెడర్ (పంపేవారి పేరు), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) రిజిస్టర్ చేయడం ఎటూ తప్పదు, సీఆర్ఎంలో కన్సెంట్ ఉన్నా సరే.

రికార్డులో క్యాప్చర్ డేట్ (సమ్మతి ఎప్పుడు తీసుకున్నారు), క్యాప్చర్ సోర్స్ (ఎక్కడినుంచి తీసుకున్నారు) తప్పనిసరి చేయండి. డాక్టర్‌కి చూపించిన నోటీసు ఏ వెర్షనో, ఏ భాషలోదో రాయడానికి ఒక కస్టమ్ ఫీల్డ్ చేర్చండి. పాత రికార్డును దిద్దనివ్వకండి. మనసు మారితే కొత్త రికార్డు పడాలి. టైమ్ విషయంలో ఇంకో తిరకాసు ఉంది. సిగ్నల్ లేని ఊళ్లో రెప్ పొద్దున పదింటికి ట్యాబ్‌లో సమ్మతి తీసుకుంటాడు. మధ్యాహ్నం డాక్టర్ ఈమెయిల్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ కొడతారు. రాత్రి ట్యాబ్ సింక్ అవుతుంది. మీ ఫ్లో (సీఆర్ఎంలో తనంతట తానే నడిచే ఆటోమేషన్) క్రియేటెడ్ డేట్, అంటే రికార్డు సిస్టమ్‌లో పడిన టైమ్, చూస్తే పొద్దుటి ‘అవును’ గెలుస్తుంది. ట్యాబ్‌లో నమోదైన క్యాప్చర్ టైమ్‌నే చూడాలి.

పాత ఎక్సెల్ లిస్టులు లోడ్ చేసేటప్పుడు స్టేటస్ ‘ఆప్ట్ ఇన్’ (ఒప్పుకున్నారు) పెట్టకండి, ‘నాట్ సీన్’ (ఇంకా చూడలేదు) పెట్టండి. “విజిటింగ్ కార్డు ఇచ్చారు కదా సార్, ఇంకేం కావాలి” అని ఏరియా మేనేజర్లు వాదిస్తారు. కార్డు ఇచ్చింది ఫోన్ చేయడానికి, ప్రతి పండక్కీ బ్రాండ్ బొమ్మ పంపడానికి కాదు. కన్సెంట్ల మీద నెలవారీ టార్గెట్ మాత్రం పెట్టకండి. టార్గెట్ పెడితే నెలాఖరు సాయంత్రం బస్టాండులో కూర్చుని టిక్కులు కొట్టేస్తారు, వాళ్లను అని లాభం లేదు.

సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని చట్టం అంటుంది. అందుకే రెప్ స్క్రీన్‌లో ‘వద్దన్నారు’ బటన్ కూడా పైనే ఉండాలి. ఆ రికార్డు పడగానే షెడ్యూల్ అయి ఉన్న మెసేజ్‌లు కూడా ఆగాలి. లైవ్‌కి వెళ్లేముందు మీ సొంత నంబరుతో ఒక టెస్ట్ డాక్టర్‌ని పెట్టి, రేపటి క్యాంపెయిన్‌లో చేర్చి, ఇవాళ ‘వద్దు’ కొట్టి చూడండి. రేపు మెసేజ్ వచ్చిందంటే క్యాంపెయిన్ టూల్ కన్సెంట్ రికార్డులను కాకుండా పాత టిక్ బాక్స్‌నే చదువుతోందేమో ముందు చూడండి.