స్లాబ్ ఎన్నాళ్లు తడపాలో సిమెంట్ బస్తా చూస్తే తెలుస్తుంది

స్లాబ్ వేశాక "వారం తడిపితే చాలు సార్" అని మేస్త్రీ అంటే, ముందు ఖాళీ బస్తా మీద ఏం రాసి ఉందో చూడండి. ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్) అయితే, కాంక్రీట్ పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కనీసం 7 రోజులు. కానీ ఇళ్లకి ఇప్పుడు ఎక్కువగా వాడేది పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజొలానా సిమెంట్). అందులో ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా వచ్చే సన్నటి బూడిద) ఉంటుంది, నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి కనీసం 10 రోజులు కావాలి. మన ఎండాకాలంలో పోశారా, 14 రోజులు లెక్కేసుకోండి.

పొద్దునా సాయంత్రం పైపుతో చల్లితే సరిపోదు, మధ్యాహ్నానికే ఆరిపోతుంది. సిమెంట్, ఇసుక కలిపి చిన్న గట్లు వేయించి, వరిమడిలా నీళ్లు నిలపండి. పిల్లర్లకి నీళ్లు నిలవవు కదా, వాటికి గోనెపట్టాలు చుట్టించి తడి ఆరకుండా చూడండి. చాలామంది వదిలేసేది అక్కడే.