ఉపగ్రహపు గాలి, బోయ్ గాలి కుదరనప్పుడు: సమస్య - పరిష్కారం

స్కాటరోమీటర్ (సముద్రం మీదికి రాడార్ తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటి నుంచి గాలిని అంచనా వేసే ఉపగ్రహ పరికరం) డేటాను బోయ్ (సముద్రంలో లంగరేసిన, పరికరాలు మోసే తేలియాడే తెప్ప) కొలతలతో జత చేయడం మీకు వచ్చుననీ, 25 కిలోమీటర్లు, 30 నిమిషాల లోపు జతలనే తీసుకున్నారనీ, నాణ్యతా సూచికలతో అనుమానాస్పదమైన విలువలను ముందే తొలగించారనీ భావించి ఇది రాస్తున్నాను.

లక్షణం: ఉపగ్రహం అన్ని వేగాల్లోనూ ఎనిమిది, పది శాతం ఎక్కువ చూపుతోంది

ఉపగ్రహాన్ని అనుమానించే ముందు బోయ్ మీద ఎనిమోమీటర్ (గాలి వేగాన్ని కొలిచే పరికరం) ఎంత ఎత్తున ఉందో చూడండి. ఈ వివరం సాధారణంగా డేటా ఫైలు హెడర్‌లోనే ఉంటుంది, అయినా దాన్ని చదవకుండానే క్రమాంకనాన్ని తప్పుపట్టే నివేదికలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. స్కాటరోమీటర్ ఇచ్చేది 10 మీటర్ల ఎత్తుకు లెక్కగట్టిన తటస్థ స్థితి గాలి, అంటే గాలి, నీటి ఉష్ణోగ్రతల తేడా ప్రభావం లేదనుకుని లెక్కించిన గాలి. పసిఫిక్‌లోని తావో, హిందూ మహాసముద్రంలోని రామా బోయ్‌లు కొలిచేది సుమారు 4 మీటర్ల ఎత్తున వీచే గాలి. నీటి ఉపరితలపు గరుకుదనాన్ని 0.2 మిల్లీమీటర్లుగా తీసుకుని లాగరిథమ్ సూత్రం వాడితే, 4 మీటర్ల వద్ద సెకనుకు 7 మీటర్లున్న గాలి 10 మీటర్ల వద్ద సుమారు 7.65 అవుతుంది. మీకు కనబడిన తేడా అదే.

గాలి, నీటి ఉష్ణోగ్రతలు, తేమ కూడా ఉంటే కోఆర్ (COARE) వంటి బల్క్ అల్గారిథంతో, అంటే ఈ సగటు కొలతల నుంచి సముద్ర ఉపరితలం దగ్గరి గాలి తీరును లెక్కగట్టే పద్ధతితో, బోయ్ గాలిని తటస్థ స్థితికి మార్చండి. నీటికంటే గాలి చల్లగా ఉండే చోట్ల తటస్థ గాలి అసలు గాలికంటే కొంచెం ఎక్కువగా వస్తుంది కాబట్టి, ఎత్తు ఒక్కటే సవరిస్తే సెకనుకు 0.2 మీటర్ల స్థాయి తేడా మిగిలిపోవచ్చు.

లక్షణం: తక్కువ గాలుల్లో ఉపగ్రహం ఎక్కువ, బలమైన గాలుల్లో తక్కువ చూపుతోంది

జాగ్రత్తగా పనిచేసేవారిని సైతం దారి తప్పించే లక్షణం ఇదే. బోయ్ చూపిన గాలి వేగాన్ని బట్టి జతలను గుంపులు చేసి, ప్రతి గుంపులో ఉపగ్రహపు సగటు తీసి గ్రాఫు గీస్తారు. గీత వాలుగా వస్తుంది. వెంటనే ఒక దిద్దుబాటు సూత్రం కట్టి, బాగానే ఉన్న డేటాను పాడుచేస్తారు.

బోయ్ సెకనుకు 15 మీటర్లు చూపిన జతలను మాత్రమే ఏరారనుకుందాం. వాటిలో అసలు గాలి 14 ఉండగా బోయ్ దోషం పైకి తోసినవీ ఉంటాయి, 16 ఉండగా కిందికి లాగినవీ ఉంటాయి. సముద్రం మీద 16 కంటే 14 ఎక్కువ తరచుగా వీస్తుంది కాబట్టి మొదటి రకానివే ఎక్కువ చేరతాయి. ఆ గుంపులో అసలు గాలి సగటు 15 కంటే తక్కువే. ఉపగ్రహం ఉన్నది ఉన్నట్టు చెప్పినా తక్కువ చెప్పినట్టే కనిపిస్తుంది. అసలు గాలుల సగటు 8, ప్రామాణిక విచలనం 3, బోయ్ యాదృచ్ఛిక దోషపు ప్రామాణిక విచలనం 1 అనుకుంటే వాలు 9/10 అవుతుంది. అంటే 15 గుంపులో ఉపగ్రహపు సగటు 14.3, 2 గుంపులో 2.6 వస్తాయి. ఇంత వాలుకు ఉపగ్రహంలో ఏ లోపమూ అక్కర్లేదు. బోయ్ పరికరం ఎంత మంచిదైనా, ఒక బిందువు దగ్గరి కొన్ని నిమిషాల సగటు 25 కిలోమీటర్ల వెడల్పున్న ప్రాంతపు గాలికి సమానం కాదు కనుక ఆ దోషం ఎప్పుడూ ఉంటుంది.

పరీక్ష చాలా సులువు, అయినా చేసేవారు అరుదు: అవే జతలను ఈసారి ఉపగ్రహం చూపిన గాలి వేగాన్ని బట్టి గుంపులు చేయండి. బలమైన గాలుల్లో ఇప్పుడు బోయ్ తక్కువ చూపుతున్నట్టు తేలితే, ఆ వాలు మీ గుంపుల విభజన తెచ్చిపెట్టినదే. రెండు విధాలుగానూ ఉపగ్రహమే తక్కువగా వస్తేనే అసలైన లోపాన్ని వెతకాలి. రెండింటి సగటును బట్టి గుంపులు చేయడం మెరుగైన పద్ధతి, అయితే ఇరువైపుల దోషాలూ సమానమైనప్పుడే అది పూర్తిగా సరిపోతుంది.

వేగాన్ని వదిలి తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ భాగాలను విడివిడిగా పోల్చడం మరీ అవసరం. గాలి అసలు లేనప్పుడు కూడా ఒక్కో భాగంలో 1 దోషం ఉంటే వేగం సగటున 1.25 వస్తుంది; వేగం సున్నాకు దిగువకు పోలేదు కదా. గట్టి సమాధానం కావాలంటే 1998లో ఆడ్ స్టోఫెలెన్ ప్రతిపాదించిన మూడు మూలాల పోలిక చేయాలి: బోయ్, ఉపగ్రహం, వాతావరణ కంప్యూటర్ నమూనా అంచనా. ఇక్కడ మూడింటి దోషాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి.

మిగిలినవి

దిశలో 180 డిగ్రీల తేడా వస్తే, ఒకటి గాలి వచ్చే వైపును, మరొకటి వెళ్లే వైపును చెబుతున్నాయేమో చూడండి. వేగం దాదాపు రెట్టింపో సగమో అయితే నాట్లు (గంటకు నాటికల్ మైళ్లు), సెకనుకు మీటర్లు కలగలిశాయి. కేయూ బ్యాండ్ (పొట్టి రాడార్ తరంగాలు వాడే) పరికరాల్లో చెదురుమదురుగా పెద్ద తేడాలు కనిపిస్తే వానను అనుమానించండి; పొడవైన తరంగాలు వాడే సీ బ్యాండ్‌లో ఆ బెడద తక్కువ. బలమైన ప్రవాహాలున్న చోట ఉపగ్రహం కదులుతున్న నీటితో పోల్చిన గాలిని చూస్తుంది, లంగరేసిన బోయ్ నేలతో పోల్చినదాన్ని కొలుస్తుంది. బోయ్ గాలిలోంచి ప్రవాహపు వేగాన్ని దిశతో సహా తీసేస్తే సరిపోతుంది. ఈఆర్ఏ5తో (గత పరిశీలనలను కంప్యూటర్ నమూనాతో కలిపి తయారుచేసిన వాతావరణ డేటా) చక్కగా కుదిరిందన్నది మాత్రం స్వతంత్ర నిర్ధారణ కాదు, ఎందుకంటే అది స్కాటరోమీటర్ గాలులనూ బోయ్ కొలతలనూ ముందే తనలో కలుపుకుని తయారైంది.