దసరా రోజుల్లో మైసూరు ప్యాలెస్‌కు బృందంగా వెళ్లేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

మైసూరులోని అంబావిలాస్ ప్యాలెస్‌ను మామూలు రోజుల్లో చూసి రావడం కష్టమేమీ కాదు. ఉదయం 10 గంటల నుంచి సాయంత్రం 5.30 వరకు తెరిచి ఉంటుంది. టికెట్ తీసుకుని, చెప్పులు బయట విడిచి, దర్బారు హాళ్లన్నీ నింపాదిగా చూసినా ఒక పూట చాలు. దసరా పది రోజుల్లో పరిస్థితి మారిపోతుంది. రాజకుటుంబం వారి పూజలు లోపల జరుగుతుంటాయి, ఊరేగింపు ఏనుగులు ఆవరణలోనే బస చేస్తాయి, సాయంత్రం కచేరీలకూ, ప్యాలెస్‌కు వెలిగించే దీపాలకూ వేలమంది వచ్చి చేరతారు. తెలుగు రాష్ట్రాల్లో బడులకు సెలవులు ఇచ్చేదీ అప్పుడే గనుక మన వైపు నుంచి వెళ్లే బస్సులు కూడా ఆ వారంలోనే ఎక్కువ. పాతిక మందినో యాభై మందినో వెంటబెట్టుకుని వెళ్లే బాధ్యత తీసుకున్నవారు బయలుదేరక ముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు తేలవలసింది, బృందం ప్యాలెస్ లోపలి భాగాన్ని చూడడానికి వెళుతోందా, విజయదశమి నాటి ఏనుగుల ఊరేగింపు అయిన జంబూ సవారీ చూడడానికి వెళుతోందా అన్నది. విజయదశమి నాడు రెండూ చూసేద్దామని వేసుకునే ప్రణాళికే చాలా బృందాలను ఇబ్బందుల్లోకి నెడుతుంది. నవరాత్రికి ముందు బంగారు సింహాసనాన్ని భాగాలుగా తెచ్చి దర్బారు హాలులో జోడిస్తారు. ఆ రోజున, నవరాత్రి తొలిరోజున, ఆయుధపూజ, విజయదశమి రోజుల్లో సందర్శకుల ప్రవేశాన్ని పూర్తిగానో కొన్ని గంటలపాటో నిలిపివేస్తుంటారు. ఈ వేళలు ఏటా పంచాంగాన్ని బట్టి, పూజా ముహూర్తాలను బట్టి మారుతాయి కాబట్టి నిరుటి అనుభవాన్ని నమ్ముకోకుండా, ప్రయాణానికి వారం ముందు ఒకసారి, బయలుదేరే రోజున మరోసారి ప్యాలెస్‌ను నిర్వహించే ప్యాలెస్ బోర్డు ప్రకటనను చూసుకోవడం అవసరం. నన్నడిగితే, పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న బృందం నవరాత్రి మధ్యలో ఏదో ఒక పనిదినాన ఉదయం 10 గంటలకే లోపలి భాగం చూసి, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, సాయంత్రం దీపాలు చూసుకుని తిరిగి రావడం ఉత్తమం. జంబూ సవారీని గట్టి ఒంటి వాళ్లతో కూడిన చిన్న బృందానికి వదిలేయవచ్చు.

ఊరేగింపు చూడాలనే నిశ్చయించుకున్నవారు పాసుల విషయంలో జాగ్రత్తపడాలి. ప్యాలెస్ ఆవరణలో కూర్చుని చూడడానికి టికెట్లు, గోల్డ్ కార్డులనే ప్రత్యేక పాసులు జిల్లా యంత్రాంగం ద్వారా జారీ అవుతాయి; అవి త్వరగా అయిపోతాయి, ఆ తొందరను ఆసరా చేసుకుని నకిలీ వెబ్‌సైట్లు, ‘మా దగ్గర పాసులున్నాయి’ అనే మధ్యవర్తులు పుట్టుకొస్తారు. దసరా అధికారిక వెబ్‌సైట్‌లో తప్ప ఇంకెక్కడా బృందం డబ్బు కట్టకూడదు. పాసు చేతిలో ఉన్నా కుర్చీ ఎదురుచూస్తుందనుకోవద్దు. ఊరేగింపు మధ్యాహ్నం మొదలయ్యేదైనా కొన్ని గంటల ముందే లోపల ఉండాలి, ఒకసారి కూర్చున్నాక మరుగుదొడ్డికి వెళ్లి రావడం కూడా కష్టమే. మధుమేహం, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారిని, గర్భిణులను ఈ విషయం ముందే చెప్పి, వారి ఇష్టాన్ని బట్టి ఆపడం మర్యాదే గాని చిన్నచూపు కాదు. అంబారీలోని చాముండేశ్వరీ దేవికి పుష్పార్చన జరిగే వేళ 21 సార్లు ఫిరంగులు పేలుస్తారు. ఆ శబ్దం దగ్గరలో ఉన్నవారికి గుండెలదిరేలా ఉంటుంది కాబట్టి పసిపిల్లలకు చెవులు మూసే ఏర్పాటు చేసుకోవాలి, గుండె జబ్బు ఉన్నవారు దూరంగా కూర్చోవాలి.

రైలులో వెళ్లేవారికి ఇప్పుడు ముందస్తు రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుందని, ఒక టికెట్‌పై ఆరుగురికి మించి బుక్ కాదని గుర్తుండాలి. ముప్పై మంది బృందం అంటే ఐదు టికెట్లు, బహుశా మూడు నాలుగు బోగీలు. ఏ బోగీలో ఎవరున్నారో రాసిన కాగితం ప్రతి బోగీలో ఒకరి దగ్గర ఉంచాలి. బస్సు మాట్లాడుకునేవారు దానికి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో, బీమా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు దాటిందో లేదో అడ్వాన్సు ఇవ్వక ముందే చూడాలి. తెలిసినవారిదనో తక్కువకు వస్తుందనో తెల్ల నంబర్ ప్లేటు ఉన్న సొంత వాడకపు వాహనాన్ని కిరాయికి తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా చిక్కుల్లో పడుతుంది. రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆపితే బృందమంతా రోడ్డు మీద నిలబడవలసి వస్తుంది.

మైసూరులో గదులు దొరకక బెంగళూరులో బస చేసి, దీపాలు చూసుకుని రాత్రికి రాత్రే తిరిగి రావాలనుకునే బృందాలు చాలానే ఉంటాయి. దూరం సుమారు 145 కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరి రోజంతా ట్రాఫిక్‌లో బండి నడిపిన డ్రైవరు రాత్రి పది తర్వాత మళ్లీ స్టీరింగ్ పట్టుకోవడం ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదమని నా అభిప్రాయం. జనం తొక్కిసలాట గురించి భయపడినంతగా దీని గురించి ఎవరూ భయపడరు. బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు, కెమెరాలూ ఉన్నాయి, అయినా నిద్రను కెమెరా ఆపలేదు. రెండో డ్రైవరును పెట్టుకోవాలి, లేదా మైసూరుకు 15 కిలోమీటర్ల దూరంలోని శ్రీరంగపట్నంలోనో, మండ్యలోనో గదులు చూసుకోవాలి. డ్రైవరుకు పడుకోవడానికి చోటు చూపించడం నిర్వాహకుల బాధ్యతే. సీట్లోనే కునుకు తీస్తాడులే అనుకోవడం తగదు.

ఉత్సవ రోజుల్లో ప్యాలెస్ చుట్టుపక్కల రోడ్లను ఒకవైపు ట్రాఫిక్‌గా మారుస్తారు, కొన్నిటిని మూసేస్తారు. దిగిన చోటే బస్సు మళ్లీ ఎక్కవచ్చన్న నమ్మకం పెట్టుకోకూడదు. దిగేటప్పుడే బస్సు నంబరు ప్లేటును ప్రతి ఒక్కరూ ఫోనులో ఫొటో తీసుకోవాలి, డ్రైవరు నంబరు కనీసం నలుగురి దగ్గర ఉండాలి. అంతమంది ఒకచోట చేరినప్పుడు మొబైల్ నెట్‌వర్క్ మొరాయిస్తుంది కాబట్టి లైవ్ లొకేషన్ మీద, వాట్సాప్ గ్రూపు మీద ఆధారపడే ఏర్పాటు సరిగ్గా అవసరమైన వేళకే పనిచేయదు. విడిపోయినవారు ఏ చోటికి, ఎన్ని గంటలకు రావాలో నోటిమాటగా ముందే చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ చోటు ప్యాలెస్ ద్వారానికి ఆనుకుని ఉండకూడదు. అందరూ ఎంచుకునేది ద్వారాన్నే, అక్కడ మన మనిషిని మనమే గుర్తుపట్టలేం. కాస్త ఎడంగా, రోడ్డు దాటనవసరం లేని స్థిరమైన గుర్తు ఏదైనా చూసుకోవాలి. ప్యాలెస్‌కు ఒకటికి మించి ద్వారాలున్నాయి: దక్షిణాన వరాహ ద్వారం, తూర్పున జయమార్తాండ, ఉత్తరాన బలరామ ద్వారం. సందర్శకులు సాధారణంగా వరాహ ద్వారం నుంచి లోపలికి వెళతారు. దీపాలు ఆరాక జనంతో పాటు కొట్టుకుపోయి మరో ద్వారం నుంచి బయటపడినవారికి దిక్కు తెలియదు గనుక ద్వారాల పేర్లు అందరికీ కంఠతా వచ్చి ఉండాలి.

బృందాన్ని ఎనిమిది పదిమంది చొప్పున చిన్న జట్లుగా విడగొట్టి, ఒక్కొక్క జట్టుకు ఒక పెద్దను పెట్టడం, లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చాక, బస్సు ఎక్కాక తలలు లెక్కపెట్టడం తప్పనిసరి. ఈ పని చిన్నపిల్లల పనిలా అనిపించి పెద్దవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వాలి. పిల్లల జేబులో జట్టు పెద్ద ఫోన్ నంబరు రాసిన కార్డు ఉంచాలి, అయితే పిల్లల పేరు బయటికి కనిపించేలా మెడలో వేలాడదీయకూడదు, పేరు పెట్టి పిలిచిన కొత్తవారిని పిల్లలు నమ్మేస్తారు. తప్పిపోయిన పిల్లల కోసం 1098, పోలీసులకు 112, అంబులెన్సుకు 108 నంబర్లు ఆ కార్డు వెనుక రాస్తే పెద్దవాళ్లకు కూడా పనికొస్తాయి.

ఇక ప్యాలెస్ లోపలి సంగతి. చెప్పులు బయట వదలాలి. యాభై జతలు విడివిడిగా ఇస్తే తిరిగి తీసుకునేటప్పుడు అరగంట పోతుంది. ఒక్కొక్క జట్టు తన చెప్పులను ఒకే సంచిలో వేసి, ఒకే టోకెన్ తీసుకోవడం మేలు. ఎండ పడిన రాతి నేల మీద, వాన పడిన నేల మీద వట్టి కాళ్లతో నడవవలసి వస్తుంది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాలినా, గీసుకుపోయినా వెంటనే తెలియదు, అందుచేత వారు అడుగున పట్టు ఉన్న మేజోళ్లు వేసుకోవాలి. నున్నటి నేల మీద మామూలు మేజోళ్లు జారుతాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి మెట్లు ఇబ్బందే. చక్రాల కుర్చీ కావలసి ఉంటే ప్యాలెస్ కార్యాలయానికి ముందే ఫోన్ చేసి మాట్లాడుకోవాలి, ద్వారం దగ్గరికి వెళ్లి అడిగితే రద్దీలో జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

లోపల దారి ఒకవైపుగా సాగుతుంది, వెనక్కి తిరగడం కుదరదు. జనం హఠాత్తుగా ఆగిపోయే చోట్లు తెలిస్తే ఒకరి మీద ఒకరు పడకుండా చూసుకోవచ్చు. ఎనిమిది కోణాల కల్యాణ మంటపంలో నెమళ్ల బొమ్మలతో రంగుటద్దాల పైకప్పు ఉంది, దాన్ని స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో చేయించి తెప్పించారు. అక్కడ అడుగుపెట్టిన ప్రతివారూ తల పైకెత్తి నిలబడిపోతారు, వెనకవారు వచ్చి తగులుతారు. చూడాలనుకున్నవారు పక్కకు జరిగి, స్తంభం దగ్గర నిలబడి చూడాలి. సింహాసనం దగ్గర కూడా అంతే. ఫొటోల విషయంలో ద్వారం దగ్గరి బోర్డుదీ, సిబ్బందిదీ చివరి మాట. పూజ జరుగుతున్నప్పుడు వాదనకు దిగితే మొత్తం బృందాన్నే బయటికి పంపవచ్చు. అగ్గిపెట్టెలు, లైటర్లు, స్ప్రే డబ్బాలు బస్సులోనే వదిలి రావాలి. తనిఖీ మనకు చాదస్తంగా అనిపించవచ్చు గానీ, ఈ చోటున ఉండిన పాత కొయ్య ప్యాలెస్ 1897లో రాజకుమారి పెళ్లి వేళ అగ్నికి ఆహుతైంది. ఇప్పటి రాతి కట్టడాన్ని హెన్రీ ఇర్విన్ రూపకల్పనలో 1912 నాటికి పూర్తిచేశారు. లోపలి కొయ్య తలుపులు, చిత్రాలు, తెరలు మంటకు ఇప్పటికీ సులభంగానే లొంగుతాయి.

ఏనుగుల దగ్గర మరింత మెలకువ కావాలి. అవి అడవి శిబిరాల నుంచి వచ్చినవి, శిక్షణ పొందినవే, అయినా 2024 సెప్టెంబరులో రెండు ఏనుగులు తగవులాడుకుని జయమార్తాండ ద్వారం నుంచి రోడ్డు మీదికి వచ్చేశాయి. వాటికి అరటిపండ్లు పెట్టడం, తొండం పక్కన నిలబడి సెల్ఫీ తీసుకోవడం, ఫ్లాష్ వేయడం, వెనక నుంచి వెళ్లడం చేయకూడదు. మావటి రమ్మన్నా పిల్లలను పంపకపోవడమే మంచిది.

దీపాల వేళ గురించి కాస్త వివరంగా చెప్పాలి. సుమారు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలిగే క్షణంలో అందరి చేతులూ ఫోను కోసం వెళతాయి, పిల్లల చేతులు వదిలేసేది సరిగ్గా అప్పుడే. ఫొటో తీసేవారు వేరు, పిల్లలను పట్టుకునేవారు వేరు అని ముందే పంచుకోవాలి. జనం చిక్కబడుతున్నదీ లేనిదీ గమనిస్తూ ఉండాలి: చేతులు కదిలించడానికి వీలుగా ఉన్నంతసేపు పర్వాలేదు, పక్కవారి భుజం మన భుజానికి ఆనుతూ, మన అడుగు మన ఇష్టప్రకారం పడడం మానేసిందంటే వెంటనే అంచు వైపు కదలాలి. ప్రవాహానికి ఎదురెళ్లకూడదు, ఏటవాలుగా పక్కకు సాగాలి; రెండు చేతులూ ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోవాలి, కింద పడిన వస్తువు ఎంత విలువైనదైనా వంగకూడదు. పిల్లలను భుజానికెత్తుకోవాలి. అన్నిటికన్నా సులువైన ఉపాయం, దీపాలు ఆరక ముందే పది నిమిషాలు ముందుగా బయటపడడం. ఆ పది నిమిషాలు చూడకపోతే పోయేదేమీ లేదు, వెలుగు అప్పటికీ అదే. ఆలస్యమైతే మాత్రం తొందరపడక, జనం పలచబడేదాకా ఆవరణలోనే ఓ పక్కన కూర్చోవాలి.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మైసూరులో సాయంత్రం వానలు సాధారణం. జనంలో గొడుగు విప్పితే పక్కవారి కళ్లకు ప్రమాదం కాబట్టి రెయిన్‌కోట్లు తీసుకెళ్లాలి. మందులు, రోజువారీ మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు జట్టు పెద్ద సంచిలో ఉండాలి గాని బస్సు డిక్కీలో కాదు. నగలు ఇంట్లోనే వదిలి రావాలి. ఆటోవారిలో కొందరు ఊరు చూపిస్తామంటూ కమీషన్ ఇచ్చే దుకాణాల దగ్గర ఆపుతారు, ఎక్కేముందే ఎక్కడ దింపాలో, ఎంత ఇవ్వాలో తేల్చుకోవాలి.

విజయదశమి రాత్రి బన్నిమంటపంలో జరిగే కాగడాల కవాతుకు పాసులు వేరుగా ఉంటాయి. ప్యాలెస్ నుంచి అక్కడికి సుమారు ఐదు కిలోమీటర్లు, ఊరేగింపు సాగే దారి కూడా అదే. ఊరేగింపు చూసినవారంతా అటే వెళ్లాలని చూస్తారు, వాహనం అందదు. రెండు పాసులూ ఉన్న బృందం సగం మందిని ప్యాలెస్ దగ్గర, మిగతా సగాన్ని మధ్యాహ్నానికే బన్నిమంటపం దగ్గర ఉంచేలా విడిపోవడం, రాత్రికి బస దగ్గరే కలుసుకోవడం నయం.