అక్వేరియం నీళ్లు మార్చే ముందు ఈ జాగ్రత్తలు

నీళ్లు మసకబారాయని తొట్టి మొత్తం ఖాళీ చేసి తోమేయకండి. చాలామంది చేసే పని ఇదే, చేపలు చచ్చేదీ దీనివల్లే. ఒకసారికి పావు వంతు మారిస్తే చాలు.

- ముందు రంగు చూడండి. కొత్త తొట్టిలో పాలలా తెల్లగా ఉంటే అది బ్యాక్టీరియా. మేత తగ్గించి కొన్ని రోజులు ఆగితే సాధారణంగా అదే తేటపడుతుంది. పచ్చగా ఉంటే నాచు. లైటు రోజుకు 6-8 గంటలకు మించనివ్వకండి, కిటికీ ఎండ పడకుండా చూడండి.

- మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి బకెట్లో 24 గంటలు ఉంచితే చాలావరకు పోతుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపిన నీళ్లయితే అలా పోదు, యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాల్సిందే. బోరు నీళ్లకు క్లోరిన్ బాధ లేదు కానీ, గిన్నెల మీద తెల్లటి పొర కట్టే నీళ్లయితే అద్దం మీదా మరకలు పడతాయి.

- హీటర్, ఫిల్టర్ ప్లగ్గులు తీసేయండి. వేడి మీదున్న హీటర్ నీళ్లలోంచి బయటపడితే గాజు పగలొచ్చు. కాసేపు చల్లారనివ్వండి.

- సబ్బు చేతులు వద్దు. బకెట్, మగ్గు చేపలకే విడిగా పెట్టుకోండి.

- ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది అందులోనే. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండండి. గోధుమరంగు మడ్డి దిగుతుంది, అంతవరకు చాలు. స్పాంజి కొత్తదానిలా మెరవక్కర్లేదు.

- కొత్త నీళ్లు చేత్తో తాకి చూడండి, తొట్టి నీళ్లంత వెచ్చగానే ఉండాలి. గులకరాళ్ల మీద ప్లేటు పెట్టి దాని మీద పోస్తే అడుగు మడ్డి లేవదు.