సర్వింగ్ బోర్డుకు ఎపాక్సీ రెజిన్ సురక్షితంగా పూయడం ఎలా?

ఎపాక్సీ అంటే ద్రవ రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి పోసే పూత. కత్తి పడే చోట అది వద్దు. డబ్బా మీద ‘ఫుడ్ సేఫ్’ అని ఉన్నా వద్దు. పూర్తిగా గట్టిపడ్డాక తిండి తగలవచ్చనే దాని అర్థం, కత్తిగాట్లకు ఆగుతుందని కాదు. గాటు పడిన చోట రెజిన్ పెచ్చులుగా లేచి కూరగాయల్లో కలుస్తుంది, గీతల్లో మురికి చేరుతుంది. అందుకే వడ్డించే బోర్డుకే, అదీ ఒక అంచున పూయండి. తరిగే వైపు ఉత్త చెక్కే ఉండాలి.

కొనేముందు కంపెనీ డేటా షీట్ (సరుకు వివరాల పత్రం) చదవండి. తిండికి తగిలే పూతలకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన 21 సీఎఫ్ఆర్ 175.300. అది పాటించినట్టు రాసి ఉంటే మంచిది. రంగుపొడి కలిపితే ఆ హామీ వర్తించదు కాబట్టి ఆహారం పెట్టే చోట రంగు లేనిదే వాడండి.

1. చెక్క బాగా ఆరి ఉండాలి. తేమ 12 శాతం లోపు. 80, 120, 180 నంబర్ల శాండ్‌పేపర్‌తో వరసగా రుద్ది దుమ్ము తుడవండి. నూనె ఇప్పుడే రాయకండి, రెజిన్ పట్టదు. హద్దు దగ్గర టేపు అంటించండి.

2. లెక్క: 40 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు, 3 మి.మీ. మందానికి 96 మి.లీ. అంచుల నుంచి కారేదీ కప్పుకు అంటుకునేదీ చూసుకుని 120 కలపండి. తొలిపూతకు మరో 20 మి.లీ. విడిగా.

3. అసలు భద్రత కలపడంలోనే ఉంది. 1:1 కొలత పరిమాణానికి చెప్పారా, బరువుకు చెప్పారా చూడండి. రెజిన్ సాధారణంగా హార్డెనర్ కంటే బరువు, రెండు కొలతలూ ఒకటి కావు. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే మిగిలింది చర్య జరగకుండా పూతలోనే ఉండిపోతుంది. కప్పు గోడలు, అడుగు గీకుతూ నెమ్మదిగా 3-4 నిమిషాలు కలిపి, వేరే కప్పులోకి మార్చి ఇంకో నిమిషం కలపండి. కప్పు అడుగున మిగిలింది గీకి బోర్డు మీద వేయకండి. జిగట మచ్చలు వచ్చేది దానివల్లే. అలాంటి మచ్చ ఎన్నాళ్లున్నా ఆరదు. గీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పూయాలి.

4. ముందు పలచగా తొలిపూత. లేకపోతే చెక్క రంధ్రాల్లోని గాలి బుడగలై పైకి వస్తుంది. వేలికి కాస్త అంటుకునే దశలో అసలు పూత పోసి, బుడగలు పోవడానికి హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం) ఒక్క చోట ఆపకుండా తిప్పండి.

మన ఎండాకాలంలో రెజిన్ కప్పులోనే వేడెక్కి పొగలు రావచ్చు. తెల్లవారుజామున, కొద్దికొద్దిగా కలపండి. వానల్లో పైన జిడ్డు పొర వస్తే గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగాకే రెండో పూత.

నైట్రైల్ గ్లవ్స్, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయన ఆవిరిని ఆపే ఫిల్టర్) ఉన్న మాస్క్ తప్పనిసరి. గుడ్డ మాస్క్ ఆవిరిని ఆపదు. చర్మానికి అంటితే సబ్బుతో కడగండి, థిన్నర్ వద్దు. ఒకసారి అలర్జీ మొదలైతే తర్వాత తగిలిన ప్రతిసారీ తిరగబెట్టవచ్చు.

చేతికి అంటకపోవడానికి ఒక రోజు చాలు. తిండి పెట్టడానికి మాత్రం డేటా షీట్‌లో చెప్పిన గడువు పూర్తి కావాలి: కొన్నింటికి 7 రోజులు, కొన్నింటికి 30. వాసన ఉన్నా, గోటితో నొక్కితే గుంట పడినా ఇంకా ఆరలేదనే. ఆ తర్వాతే ఉత్త చెక్కకు ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ రాయండి; వేరుశనగ నూనె ముక్కిపోతుంది.

చాలా రెజిన్లు 50-60 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి. పొయ్యి మీంచి దించిన గిన్నె దాని మీద పెట్టకండి, బోర్డును నీళ్లలో నానబెట్టకండి.